రివాల్వరు కోల్టు చరిత్రము

ఇట్టి సంచికలందు మన కులమున జన్మించిన మహనీయుల చరిత్రములు ప్రకటించుట వాడుక. నేను ఈ పర్యాయము పరదేశీయుఁడును, పుట్టుకచేతఁ గాని చేతిపనిచేతఁ గాని కమ్మరి కానివాఁడు నగు నొకని చరిత్రము వ్రాయఁబూనితిని. అతని పేరు లోకమంతయు నెఱుఁగును. అతని పేరు మోయు వస్తువును మొదట నినుముతోఁ జేసి చూపిన కమ్మరి పేరు మాత్రము మనలో నెవ్వరును వినియుండరు. ఆ రెండవవానిని జ్ఞప్తికిఁ దెచ్చుటకే మొదటివాని కథను చెప్పుచున్నాను.

శామ్యూల్ కోల్టు 1814వ సంవత్సరము జూలై 19వ తేదిని అమెరికా సంయుక్తరాష్ట్రములలో కనెక్టికట్టు రాష్ట్రమందలి హార్టుఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి క్రిస్టఫరు కోల్టు వ్యాపారి. తరువాత వస్త్రముల మిల్లు నడపినవాఁడు. తల్లి శారా. ఆమె తండ్రి అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున సైనికాధికారిగా నుండెను. బాలునకు ఏడవయేఁడు నిండకమునుపే తల్లి క్షయరోగమున మరణించెను. పదునొకొండవ యేఁట ఒక రైతునొద్ద పనికిఁ గుదుర్పఁబడి, అచ్చట దొరకిన యొక విజ్ఞానసంగ్రహ గ్రంథమును వేదమువలెఁ జదివెనఁట. మందుగుండు చేయు విధము, విద్యుత్తు పుట్టించు విధము అందే నేర్చుకొనెను. 1829లో దేశ స్వాతంత్ర్య దినమున, వేర్ అను నూరి చెఱువులో ఒక తెప్పను విద్యుత్తుచేఁ బేల్చి చూపెదనని ప్రకటించి, గుమిగూడిన జనులందఱి మంచిబట్టలపై బురద చిమ్మించెను. కోపించిన జనులనుండి వానిని కాపాడిన యువకుఁడు ఎలిషా రూట్ అను యంత్రపుఁబనివాఁడని చెప్పుదురు. ఈ పేరు మఱల వచ్చును గాన పాఠకులు గుర్తుంచుకొనవలెను. మఱుసటియేఁడు పాఠశాలలో బాణసంచా కాల్చి, నిప్పంటించి, అచ్చటినుండి వెళ్లఁగొట్టఁబడెను. ఇట్టి శిష్యులు నాకును కొందఱు తటస్థించిరి. వారిలో నెవ్వఁడు ఏమగునో గురువు ముందుగాఁ జెప్పఁజాలఁడు.

విసిగిన తండ్రి కుమారుని నావికుఁడుగాఁ జేయఁదలఁచి 1830లో కోర్వో అను నోడ నెక్కించెను. ఆ యోడ బోస్టను రేవునుండి మన కలకత్తాకు వచ్చినది. ఆ ప్రయాణముననే పదునాఱేండ్ల యా బాలుఁడు ఓడయందలి చక్రము తిరుగుటయు, తిరిగి యొకచోట కొక్కెముచే నిలువఁబడుటయుఁ జూచి, కత్తితో కొయ్యను చెక్కి, తిరుగు గుండ్లచక్రముగల పిస్తోలు నమూనాను చేసెనని ప్రసిద్ధి. ఇందుకు వేఱు మాట చెప్పువారును గలరు. ఎలిషా కాలియరు అను మఱియొక అమెరికావాఁడు 1818లోనే ఇంగ్లండున తిరుగు చక్రముగల తుపాకికి పేటెంటు పొందియుండెను. అట్టి తుపాకులు భారతదేశమందలి ఆంగ్ల సైన్యములోఁ గొన్ని యుండెను గాన కోల్టు వానిని కలకత్తాలోఁ జూచియుండునని వీరి యూహ. చూచినను చూడకున్నను, కోల్టు కూర్పులో ఒక క్రొత్తదనము కలదు. సుత్తెను వెనుకకు లాగుటతోడనే చక్రము తనంత తిరిగి, సరియైనచోట నిలిచి, బిగిసిపోవలెను. ఒక్క బొటనవ్రేలి కదలికలో మూఁడు పనులు జరుగవలెను. తలఁపు కోల్టుది. అయితే కొయ్యతోఁ జేసినది కాల్చుటకుఁ బనికిరాదు గదా.

తిరిగి వచ్చిన పిమ్మట, తండ్రి యిచ్చిన ధనముతో హార్టుఫర్డున ఆన్సన్ చేజ్ అను తుపాకుల పనివానిచే 1832 ప్రాంతమున ఒక తుపాకియు ఒక పిస్తోలును చేయించెను. తుపాకి బాగుగనే పనిచేసినది. పిస్తోలు మొదటి కాల్పుతోనే ప్రేలిపోయినది. అంతట తండ్రి చేయి ముడుచుకొనెను. కోల్టు నవ్వువాయువును మందుబుడ్లలో నింపుకొని, డాక్టరు కోల్టు అని బిరుదు తగిలించుకొని, తన పేరు వర్ణక్రమమును సైతము కొంత మార్చుకొని, లండను కలకత్తా నగరములందు కీర్తి గడించినవాఁడనని కరపత్రములు ముద్రించి, ఊరూరఁ దిరిగి ఆ వాయువును జనులచేఁ బీల్పించి నవ్వించి టిక్కెట్టు సొమ్ము వసూలు చేసెను. కలకత్తాలో నతఁడు నావికబాలుఁ డనుమాట కరపత్రములందు లేదు.

ఈ సొమ్ముతో బాల్టిమోరు నగరమున అతఁడు నియమించుకొన్న తుపాకుల కమ్మరియే జాన్ పియర్సన్. 1834 మొదలు 1836 వఱకు నతఁడు చేసిన పని యెట్టిదో మనవారికి వివరింపఁబనిలేదు. చూచి చేయుటకు పూర్వపు మాదిరి లేదు. కొలతలు లేవు. యజమాని యూరూరఁ దిరుగుచు, ఇట్లు మార్చుము, అట్లు మార్చుము అని ఉత్తరములు వ్రాయును. గుండ్లచక్రమునకును గొట్టమునకును నడుమ వెండ్రుకవాసి సందు మాత్రమే యుండవలెను. అంతకు మించిన మంట ప్రక్కకుఁ జిమ్మును, తగ్గిన మసిపట్టి చక్రము తిరుగదు. ఒక గదిలోని నిప్పు ప్రక్కగదికి అంటరాదు. పియర్సన్ ఆకురాయితోను ఉలితోను ఒక్కొక్క యవయవమును రాచి, అమర్చి, కాల్చిచూచి, విఱిగినదానిని మఱలఁ జేసి, పనిచేయు రివాల్వరులను కోల్టు చేతఁ బెట్టెను. కూలి మాత్రము సకాలమున నందలేదు. రాత్రింబవళ్లు శ్రమించినందుకు తనకు దక్కినది చికాకు మాత్రమే యని యతఁడు కోల్టునకు వ్రాసిన యుత్తరము నిలిచియున్నది. ఆ యుత్తరమే లేకున్న చరిత్రకారులు అతని గూర్చి రెండు పంక్తులైన వ్రాసియుందురో లేదో.

ఆ రివాల్వరులను చూపి కోల్టు 1835లో ఇంగ్లండునను, 1836 ఫిబ్రవరి 25వ తేదిని అమెరికాయందును పేటెంటు పొందెను. పత్రములయందు పియర్సన్ పేరు లేదు. చట్టముప్రకార మందు దోషము లేదని న్యాయవాదులు చెప్పవచ్చును. తలఁపునకు హక్కు కలదు. తలఁపును నిజముచేసిన చేతికి కూలి కలదు. కాని ఆ కూలియైనను కాలమున కీయకుండుట దోషమే యని నా యభిప్రాయము. మన పురాణములందును ఇట్టి సంగతి కనఁబడును. వజ్రాయుధమును చేసినవాఁడు త్వష్ట. వృత్రుని వధించిన కీర్తి యింద్రునిది. స్తుతులలో వజ్రధరుఁడను పేరు అడుగడుగున వచ్చును. వజ్రకారుని తలఁచువారు అరుదు. అయినను త్వష్ట పేరు వేదమున నున్నది. పియర్సనునకు ఆ భాగ్యమును లేదు.

1836లో న్యూజర్సీ రాష్ట్రమందలి పాటర్సన్ పట్టణమున బంధుమిత్రుల ధనముతో కంపెనీ వెలసెను. చక్రమునం దైదు గదులుగల యా పిస్తోలులు వెల యెక్కువ, అవయవములు సున్నితములు. 1837లో సైన్యాధికారులు పరీక్షించి, చిక్కైన వస్తువని త్రోసివేసిరి. కోల్టు స్వయముగా ఫ్లోరిడాకుఁ బోయి అచ్చటి యుద్ధమున నున్న సైనికులకు తిరుగు చక్రపు తుపాకులు కొన్ని యమ్మెను. సైనికులు మెచ్చుకొనిరి. మెచ్చుకొన్న వెనుక ఊరకుండలేదు. లోపల నేమున్నదో చూతమని మరలు విప్పిరి; మరల తలలు చిదిపిరి; కీలు లూడఁదీసి మఱల నమర్పలేక విఱుగఁగొట్టిరి. పనితనము తెలియనివాఁడు మర విప్పుటవలని ఫలమిది. గడియారము చెడినప్పుడు మన యిండ్లలోను ఇదియే జరుగును. 1842లో కంపెనీ మూతపడెను. తరువాతి కొన్నియేండ్లు కోల్టు నీటిలో ఓడలను విద్యుత్తుచేఁ బేల్చు సాధనమును ప్రభుత్వమునకు అమ్మఁజూచెను. పేలుడులు చక్కఁగ జరిగెను గాని బేరము కుదురలేదు.

అదృష్టము టెక్సాసునుండి వచ్చినది. 1844లో అచ్చటి రేంజరులు పదునైదుగురు మాత్రము, పాటర్సన్ పిస్తోలులతో, తమకంటె నెన్నియో రెట్లున్న కొమాంచీ యోధులను ఓడించిరి. వారిలో నొకఁడగు శామ్యూల్ వాకరు, మెక్సికో యుద్ధము వచ్చినప్పుడు కోల్టునొద్దకు వచ్చి లోపములను వివరించెను. గదులు ఆఱు కావలెను. గుండు పెద్దది కావలెను. మీటకు కాపుచుట్టు ఉండవలెను. వాడినవాని నోటినుండి వచ్చిన యీ సవరణలను కోల్టు గ్రహించి, 1847 ఆరంభమున వేయి రివాల్వరుల యొప్పందము సంపాదించెను. తనకు కర్మాగారము లేదు గాన కనెక్టికట్టులోని విట్నీవారి కర్మాగారమునఁ జేయించెను. ఒక్కొక్కటి రెండు కిలోగ్రాములకు మించిన తూనిక గలది. కొన్నిటి చక్రములు మందు ఎక్కువయై పగిలెను. పిదప చేసినవానిలో ఆ లోపమును తగ్గించిరి. వాకరు అదేయేఁట అక్టోబరులో యుద్ధమున హతుఁడాయెను. అతని మూలమున నిలిచిన వ్యాపారమును అతఁడు చూడలేదు.

అటుపిమ్మట కోల్టు స్వగ్రామమునకు వచ్చి సొంత కర్మాగారము పెట్టెను. 1849లో దానికి పర్యవేక్షకుఁడుగా, గొడ్డండ్లు చేయు కర్మాగారమునఁ బేరు గడించిన ఎలిషా రూట్ అను నాతనిని పెద్ద జీతమిచ్చి పిలిపించెను. చెఱువుగట్టున తన్ను కాపాడినవాఁ డితఁడే యని వాడుక. రూట్ యంత్రములను క్రొత్తగాఁ గల్పించి, ఒక్కొక్క యవయవమును వేలకొలఁది ఒకేమాదిరిగా వచ్చునట్లు చేసెను. కోల్టు 1851లో లండను మహాప్రదర్శనమున తన రివాల్వరులను చూపి, అచ్చటి సివిలు ఇంజనీర్ల సంస్థలో ఉపన్యసించి, 1853లో ఆ నగరముననే కర్మాగారము తెఱచెను. అది కొలఁది యేండ్లకే మూతపడెను. హార్టుఫర్డు నదియొడ్డున కట్టవేయించి, 1855లో నీలివన్నె గుమ్మటముగల మహాకర్మాగారము కట్టించి, పనివారికి ఇండ్లును పఠనశాలయు నేర్పఱచెను. పియర్సనునకుఁ గూలి యెగవేసిన చేయి ఇది కట్టించెనని చెప్పవలసియున్నది. మనుష్యుల స్వభావము ఒక్క త్రాటఁ గట్టరానిది.

యంత్రములు వచ్చినవి గదా, ఇఁక కమ్మరితోఁ బనియేమి యని పలువురు తలఁచిరి. నేఁడు మన పిల్లలును ఆ మాటయే యని కొలిమి విడిచి పోవుచున్నారు. హార్టుఫర్డు కర్మాగారమున జరిగినది వేఱు. యంత్రమునుండి వెడలిన యవయవములను, ఇంకను మెత్తగా నున్నప్పుడే, అమరికపనివారు చేతి ఆకురాళ్లతో రాచి ఒకదానికొకటి కుదిర్చెడివారు. కుదిరిన యవయవము లన్నిటిపై ఒకే సంఖ్యను చెక్కి, పిదప విప్పి, కరకుదనము పెట్టి, ఆ సంఖ్యనుబట్టియే మఱల నొకచోటఁ జేర్చెడివారు. ఒక రివాల్వరు అవయవము మఱియొకదానిలో నట్లే సరిపోవునను నమ్మకము వారికే లేదన్నమాట. నాఁటి కోల్టు రివాల్వరులపై పలుచోట్ల కనఁబడు నా సంఖ్యలు చేతిపనికి సాక్ష్యములు.

ఆ రాచుటలో నేమున్నది? సుత్తెను వెనుకకు లాగఁగా, దానికంటియున్న చిన్న కొక్కెము చక్రము వెనుకనున్న ఱంపపుఁబండ్లను నెట్టి, చక్రమును ఆఱవవంతు త్రిప్పును. అది ముగియుసరికి క్రిందినుండి యొక చిన్నగడియ చక్రపు గాడిలోఁ బడి బిగించును. వెంటనే మీట కొస సుత్తెయందలి గాడిలో నెక్కి కూర్చుండును. ఇవి వరుస తప్పరాదు. గడియ ముందుగాఁ బడిన చక్రము చుట్టును గీత గీయుచు పోవును. ఆలస్యమైన గది గొట్టమునకు సూటిగా రాకమునుపే మందు అంటుకొని, సీసమును ప్రక్కకుఁ జెక్కివేయును. దీనిని సరిచేయుటకు కొక్కెపు కొసను ఒకటి రెండు రాపిళ్లు రాయవలెను. ఎక్కువ రాచిన, పొట్టిదై, క్రొత్తది చేయవలసినదే.

మీటపని ఇంతకంటెను కష్టము. కొస గాడిలో లోఁతుగా దిగి గరుకుగా నున్న, మీటను నొక్కునప్పుడు చేయి వణఁకి గుఱి తప్పును. లోఁతు చాలకున్న ఒక్క కుదుపునకే సుత్తె పడి, కట్టుకొన్నవాని కాలినే తీయును. ఈ రెంటి నడుమ దారపుఁబోగంత స్థలములో పనివాఁడు నిలువవలెను. నూనెయిడిన సన్నని సానరాతితో కోణము చెడకుండ నునుపుచేయును. ఆ యవయవములు ఎముకల బొగ్గులోఁ బెట్టి కాల్చి కరకు చేయఁబడినవి. కరకుదనము పైపొరకు మాత్రమే. లోపల మెత్తని యినుము. సాన ఆ పొరను దాఁటిన నాఁడు అంతయు నునుపుగనే కనఁబడును; కొన్నినాళ్ల వాడుకలో మెత్తని యినుము అరిగి, మీట తాఁకకయే గుండు వెడలును. తెలియనివాఁడు సులువని కమాను పలుచన చేయును. అంతట సుత్తె దెబ్బ చాలక మందు రగులదు. తెలిసినవాఁడు ముందు రాపిడిని తీసి, కమానును కడపటఁ జూచును. ఎముకలచే ఇనుమునకు వజ్రత్వము వచ్చుటఁ జూచినప్పుడు దధీచి కథ నాకుఁ దోఁచక మానదు.

సూటి చూచు పొడుపు సంగతియు నిట్లే. గుండు గుఱికి మీఁదుగాఁ బోవుచున్న గొట్టపు కొననున్న పొడుపును ఎత్తు చేయవలెను. ఎత్తు చేసినకొలఁది గుండు క్రిందికి దిగును. కోల్టు మరణించిన చాలకాలమునకు, 1885 జూలైలో, కాన్సాసు రాష్ట్రపు డాడ్జి పట్టణమునుండి, పూర్వము షెరీఫుగాఁ బనిచేసిన బాట్ మాస్టర్సన్ అను నతఁడు కోల్టు కర్మాగారమునకు నేరుగా ఉత్తరము వ్రాసి, తనకు నికెలుపూత రివాల్వరు కావలెననియు, దాని మీట సులువుగా నుండవలెననియు, ముందరి పొడుపు వాడుకకంటె కొంచె మెత్తుగను దళసరిగను ఉండవలెననియు కోరెను. అంగడిలో నెన్నియో దొరకుచుండఁగా అతఁడు యంత్రముపని తీఱినచోట మొదలగు నా చేతిపని కొఱకే వ్రాసెను. అప్పటికే అట్టివి పలుమాఱులు తెప్పించుకొన్నవాఁడు. అతఁడు 1921లో న్యూయార్కున పత్రికావిలేఖకుఁడుగా, వ్రాఁతబల్లయొద్దనే మరణించెను.

మనదేశమున నీ పనికి వేఱు గతి పట్టినది. గోలకొండ సీమలోని కోనసముద్రపు ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయిన కాలము చరిత్రప్రసిద్ధము. 1878 ఆయుధ శాసనము వచ్చినపిమ్మట అనుమతి లేక తుపాకి చేయుటయు నమ్ముటయు నేరమాయెను. 1959 చట్టమున బాగుచేయుటకును అనుమతి కావలెను. అది యుచితమే; మరణసాధనమును ఎల్లరు ముట్టరాదు. కాని గ్రామములందు ఆ నేర్పుగల కుటుంబములు దానితోడనే సన్నగిల్లెను.

కోల్టు వైభవదశకు మఱలుదము. అతఁడు రాజులకు కానుక లిచ్చుటలో మిగుల నేర్పరి. తురుష్క సుల్తానునకును, రష్యా చక్రవర్తికిని, వారిరువురు పోరాడు కాలముననే, బంగారము పొదిగిన రివాల్వరు లిచ్చెను. గుస్తావ్ యంగ్ అను జర్మను చిత్రకారుని ఉలి అట్టి పనులలో ప్రసిద్ధి. ఇనుప యంత్రము, కొయ్య పిడి, ఇత్తడి చుట్టు, బంగరు నగిషీ అన్నియు నొక్క వస్తువులోఁ జేరినవి. మన పంచవృత్తులలో శిలాశిల్పము దక్క నాలుగు నందున్నవి. సానరాతిని లెక్కించినచో ఐదును అనవచ్చును. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చువఱకు నతఁడు ఉత్తరమునకును దక్షిణమునకును ఆయుధము లమ్మెను. దీనిని వ్యాపారనైపుణ్యమని కొందఱందురు. నా కది రుచింపదు.

1856 జూన్ నెలలో ఎలిజబెత్ జార్విస్ అను నామెను వివాహమాడెను. పుట్టిన బిడ్డలలో పెక్కుమంది శైశవముననే పోయిరి. దేహము వాతరోగమునఁ గృశించి, 1862 జనవరి 10వ తేదిని, నలువదియేడేండ్ల వయస్సున కోల్టు మరణించెను. రూట్ కంపెనీకి అధ్యక్షుఁడయ్యెను. 1864 ఫిబ్రవరిలో కర్మాగారము చాలభాగము కాలిపోఁగా ఆ వితంతువు ధైర్యము చెడక మఱలఁ గట్టించెను. ఆమె 1905లో గతించునప్పుడు భర్త సంగ్రహించిన యాయుధములను హార్టుఫర్డున వాడ్సువర్తు అను వస్తుప్రదర్శనశాలకు వ్రాసియిచ్చెను. ఓడలో చెక్కెనని చెప్పు కొయ్యనమూనాయు నందే యున్నది. పియర్సన్ ఆకురాయి మెఱుఁగుపెట్టిన తొలి రివాల్వరులు కొన్ని నేఁటికిని నిలిచియున్నవి. వానికిని కోల్టు రివాల్వరులనియే పేరు.